సెల్ఫ్ యాక్సిడెంట్

జూలై 15, సోమవారం

రాస్తే బాధ తగ్గుతుందన్న నమ్మకం నాకేమీ లేదు. నోరు తెరిస్తే ఎవర్నో ఒకర్ని కొట్టేలా ఉన్నాను, అందుకు రాస్తున్నాను.

నిన్న డేనియల్ అన్నని మట్టిలో పెట్టి వచ్చాం. వచ్చినవాళ్ళందరి నోట్లో ఒకటే మాట. యాక్సిడెంట్ అంట కదా. యాక్సిడెంట్ ఎక్కడయింది. యాక్సిడెంట్ అయినప్పుడు హెల్మెట్ ఉందా. కోతలు అయ్యాయి, పెళ్ళి అయింది, యాక్సిడెంట్ అయింది. అందరూ టీ తాగి వెళ్ళిపోయారు.

శనివారం రాజమండ్రి ఆసుపత్రిలో తెల్ల చొక్కావాడొకడు వరండాలోకి తల పెట్టి "యాక్సిడెంట్ కేసు తాలూకు ఎవరండీ?" అని అరిచాడు. నేను లేవలేదు. మా అన్నకి పేరుంది. క్రిస్టినా వదిన లేచి వెళ్ళింది. కట్టుకున్న మనిషి, ఆ పిలుపుకి లేచి వెళ్ళడం చూసి ఆవిడ మీద కూడా కోపం వచ్చింది.

జరిగింది ఇది. శుక్రవారం మా నర్సరీ నుంచి కాకినాడ వైపు ఒక లోడు వెళ్ళింది. పెద్ద రాయల్ పామ్ చెట్లు. వేర్ల ముద్దలు క్యాబిన్ వైపు, తలలు వెనక్కి పడుకోబెట్టి కడతాం. తలలు లారీని దాటి బయటికి పొడుచుకుని ఉంటాయి. మట్టలు వేలాడి వెనక లైట్లు కప్పేస్తాయి. కాలవ గట్టు రోడ్డు మలుపులో ఆ లారీ టైరు పేలి ఆగిపోయింది. వదిన రామచంద్రపురంలో పుట్టింట్లో ఉంది. ఆవిడని తీసుకురావడానికి అన్న చీకటి పడే వేళ, చినుకుల్లో, అదే దారిన బండి మీద వెళ్తూ వెనకనుంచి దానికి తగిలాడు. అటూ ఇటూ నర్సరీలే ఉన్న రోడ్డు. చెట్ల మధ్య చెట్ల లారీ. ఏం కనపడుతుంది?

బయటికి వచ్చిన చెట్ల చివర ఎర్ర గుడ్డ కట్టాలి. డ్రైవర్ వీరబ్రహ్మం గుడ్డ కట్టలేదు.

గుడ్డ కట్టలేదు.

జూలై 17, బుధవారం

ఓనర్ త్రిమూర్తులు గారు బియ్యం, కూరలు పంపారు. ఓనర్లందరూ ఇలా ఉండరు. మంచి మనిషి.

జూలై 19, శుక్రవారం

పోలీస్ స్టేషన్‌కి వెళ్ళాను. అక్కడ కాగితాలు రాసేది ఒక పెద్దాయన, రైటర్ గారంటారు. మర్యాదగానే కూర్చోమన్నాడు. కాగితం చూపించాడు. అందులో సెల్ఫ్ యాక్సిడెంట్ అని ఉంది. అంటే ఏంటండీ అని అడిగాను.

"లారీ ఆగి ఉంది కదయ్యా. ఆగి ఉన్నదాన్ని తనే వచ్చి గుద్దితే సెల్ఫ్ యాక్సిడెంట్ అంటారు."

"మా అన్న చావాలని వెళ్ళి గుద్దాడాండీ?"

"చావాలని వెళ్తే సూసైడ్. చావాలని లేకుండా వెళ్తే సెల్ఫ్ యాక్సిడెంట్."

వెటకారానికి అనలేదు ఆయన. నిజంగా నాకు నేర్పిస్తున్నాడు. పదో తరగతి తప్పినవాడికి ఓపిగ్గా విడమర్చి చెబుతున్నట్టు. నాకు ఒళ్ళు మండిపోయింది. అలా రాయడానికి వీల్లేదు, తప్పు డ్రైవర్‌ది, నా వాంగ్మూలం రాసుకోండి అన్నాను. రాసుకున్నాడు. లోడ్ చేసింది ఎవరు అన్నాడు. మేమే అన్నాను. గుడ్డ ఎవరు కట్టాలి అన్నాడు. డ్రైవర్ అన్నాను. కట్టాడా అన్నాడు. కట్టలేదండీ అన్నాను.

అడిగినదానికి చెప్పాను. అడగనిదానికి చెప్పలేదు. అందులో అబద్ధం ఏముంది?

సంతకం పెట్టి వచ్చాను.

జూలై 21, ఆదివారం

చర్చికి వెళ్ళలేదు. రాజమండ్రిలో పాత పుస్తకాల కొట్లో కొన్న డిక్షనరీ తీశాను. మొక్కల ట్యాగుల మీద పేర్లు కూడబలుక్కుంటూ ఇంగ్లీషు నేర్చుకున్నవాణ్ణి, నాకు ఏ మాటైనా ఇందులో చూస్తే గానీ నమ్మకం ఉండదు. యాక్సిడెంట్: అనుకోకుండా జరిగేది, ఎవరూ కావాలని చెయ్యనిది. దాని కింద ఢీకొనడం అని ఉంది. రెండూ ఒకే మాట కింద ఎలా పెట్టారో పెట్టారు. ఢీకొన్నదల్లా అనుకోనిదేనని ఎవడు తేల్చాడు?

మా ఊళ్ళో ఈ మాటని ఎలా వాడతారో చూస్తే నవ్వొస్తుంది. మొన్న సంక్రాంతి ముందు కారొకటి త్రిమూర్తులు గారి మేకని తొక్కేసింది. అప్పుడు ఎవరూ యాక్సిడెంట్ అయిందనలేదు. ఎవడ్రా గుద్దిందీ, నంబరు చూశారా, పట్టుకోండి అన్నారు. పట్టుకున్నారు కూడా. మేకని గుద్దితే గుద్దినవాడు ఉంటాడు. మనిషి పోతే యాక్సిడెంట్ ఉంటుంది.

పోయినేడు నేను ట్రాలీ తిప్పుతుంటే బోల్తా పడి కుండీలు పగిలాయి. యాక్సిడెంట్ అయిందండీ అన్నాను. ఓనర్ గారు చాలా నెమ్మదిగా, "యాక్సిడెంట్ కాదురా జీవా, నువ్వు పడేశావు" అన్నారు. జీతంలో కోసుకున్నారు. న్యాయమే. నేనే పడేశాను.

పేపర్లో ప్రమాదం అని వేశారు, లోపలి పేజీలో, అన్న పేరు దానియేలు అని. పేరు తప్పు వేసినా ప్రమాదం ఒప్పే వేశామనుకుని ఉంటారు.

జూలై 22, సోమవారం

పనిలోకి వెళ్ళాను. ఇంట్లో ఉంటే వదిన మొహం చూడాలి. నర్సరీలో ఉంటే అన్న చేతులు పడిన ప్రతి మొక్కనీ చూడాలి. ఏదైనా ఒకటే.

ఓనర్ గారు షెడ్డు కిందకి పిలిచారు. భుజం మీద చెయ్యి వేశారు. ఆయన అలా వేసే మనిషి కాదు. అలా పట్టుకుంటే గానీ తన బాధ తీరదన్నట్టు చాలాసేపు అలాగే ఉంచారు. వదిన పని, మా గది ఎప్పటికీ మావే అన్నారు. మా గది ఆయన స్థలంలోదే. తరవాత, ఆ డ్రైవర్ మీద కేసు ఎందుకురా, పాపం వాడూ పెళ్ళాంబిడ్డలున్నవాడు, కేసు నడిస్తే కోర్టువాళ్ళు ఎవరు లోడ్ చేశారు, ఎవరు కట్టారు అని అన్నీ తవ్వుతారు, పోయినవాడి పేరు ఎందుకు తవ్వించడం అన్నారు.

"యాక్సిడెంట్ చెప్పి వస్తుందేంట్రా?"

ఆయ్, నిజమేనండి అన్నాను. నోటికి అలవాటైన మాట, దానంతటదే వచ్చేసింది.

జూలై 23, మంగళవారం

మంచి మనిషే. డ్రైవర్ మీద కూడా జాలి ఉంది ఆయనకి.

జూలై 26, శుక్రవారం

వేమగిరి దగ్గర టీ కొట్టు ముందు వీరబ్రహ్మం కనపడ్డాడు. నా వాంగ్మూలం మీద అరెస్టు చేస్తే బెయిల్ మీద వచ్చాడంట. లారీ స్టేషన్లోనే ఉంది. గడ్డం పెరిగింది. నన్ను చూసి లేచి నిలబడ్డాడు. నేను తప్పుకుని పోతుంటే ఎదురొచ్చాడు. కొడతాడేమో అనుకున్నాను, కొట్టాలనే ఉంది నాకు కూడా. కొట్టలేదు. గొంతు తగ్గించి అడిగాడు.

"తమ్ముడూ, నేను గుడ్డ అడిగానా లేదా? ఆ ఒక్కటి చెప్పు."

ఎవర్ని అడిగావు అన్నాను.

"మీ అన్నయ్యని. నువ్వు లోడు మీదే ఉన్నావు."

తాళ్ళు బిగిస్తున్నానని, నాకేమీ వినపడలేదని చెప్పాను. పక్కకి జరిగి దారి ఇచ్చాడు. అలా దారి ఇవ్వడం నాకు నచ్చలేదు. అబద్ధాలకోరు. టైరు పేలిన లారీని మలుపులో వదిలేసి మెకానిక్ కోసం పోయినవాడు.

పైన ఉన్నవాడికి కింద మాటలు ఎలా వినపడతాయి? గాలి కూడా వేస్తోంది ఆ రోజు.

జూలై 27, శనివారం

వినపడింది.

జూలై 30, మంగళవారం

ఎర్రాకు సంగతి రాసి పారేస్తాను.

మా నర్సరీ లోడుకి గుడ్డ కట్టం. నేను పనిలో చేరిన కొత్తల్లో అన్న ఎర్ర గుడ్డ కొనడానికి వెళ్తానంటే ఓనర్ గారు నవ్వారు. "ఇన్ని ఎకరాల్లో ఎరుపు పండిస్తూ గుడ్డ కొంటావేంట్రా? ఎర్రాకు కొమ్మలు విరిచి కట్టు. నర్సరీవాడి లోడని దూరం నుంచే తెలియాలి" అన్నారు. ఆయన పిసినారితనానికి అన్నారో, సరదాకి అన్నారో నాకు తెలీదు. మాకు మాత్రం ఆ మాట బాగా ఎక్కింది. కూలి పని చేసేవాడికి కూడా ఒక డాబు కావాలి కదా. ఎర్రాకంటే అకాలిఫా, ఆ కొమ్మలు కోసి, ఆకులన్నీ ఒకవైపుకి దువ్వి, పెళ్ళికూతురి జడకి కట్టినట్టు కట్టేవాడు అన్న. కొనుక్కునేవాళ్ళు ఫోన్లలో ఫోటోలు తీసుకునేవాళ్ళు. పక్క నర్సరీలవాళ్ళు కట్టబోతే మా గుత్తిలా వచ్చేది కాదు. మేం నవ్వేవాళ్ళం.

ఎండలో ఆ ఎరుపు మండిపోతుంది. పొద్దు వాలితే అన్నిటికంటే ముందు నల్లబడేది అదే. ఇది మాకు తెలియని సంగతి కాదు. సాయంత్రం పూట కొమ్మలు వేరుచెయ్యాల్సి వస్తే ఎర్రాకేదో పచ్చాకేదో తెలియక లైటు వేసుకుంటాం. అందరం వేసుకుంటాం. అన్న కూడా.

ఆ రోజు వీరబ్రహ్మం గుడ్డ అడిగాడు. ఈ ప్రాంతానికి కొత్తవాడు, మా గొప్ప వాడికి తెలీదు. తన గుడ్డ ఎక్కడో ఊడిపోయిందని, చిన్న పీలికైనా ఇవ్వమని అన్నాడు. అన్న అప్పటికే గుత్తి కట్టేశాడు. "మా లోడుకి గుడ్డ కడితే మా పరువేం గానండీ బాబూ" అన్నాడు. అందరూ నవ్వారు. ఓనర్ గారు అక్కడే ఉన్నారు, ఆయనా నవ్వారు. లోడు మీద నేనూ నవ్వాను.

వీరబ్రహ్మం క్యాబిన్ ఎక్కాడు. బండి తీశాడు.

అన్న ఆ గుత్తినే వెళ్ళి గుద్దుకున్నాడు.

ఇది స్టేషన్లో చెబితే వాళ్ళ మాటే నెగ్గుతుంది. సెల్ఫ్. నేను చెప్పను. చెప్పేది లేదు. డ్రైవర్ పోతే పోనీ, అన్న పేరు మిగలాలి.

ఆగస్టు 3, శనివారం

స్టేషన్లో ఏం రాసిచ్చావని వదిన అడిగింది. మామిడి అంట్లు కడుతోంది. కోసిన చోట కోసిన కొమ్మని ఆనించి ప్లాస్టిక్ పీలిక చుట్టడం, దారం బిగించడం, పక్కన పెట్టడం. చెయ్యి ఆగలేదు. డ్రైవర్ తప్పని రాసిచ్చానన్నాను. గుడ్డ సంగతి చెప్పాను. ఎర్రాకు సంగతి ఆవిడకి తెలియదని నా ధైర్యం, పుట్టింట్లో ఉంది కదా ఆ రోజు.

దారం తెంపి నా వైపు చూసింది. అన్నం తిను అంది.

ఆడవాళ్ళకి ఇంత త్వరగా ఎలా ఆరిపోతుందో ఏడుపు.

ఆగస్టు 10, శనివారం

ఓనర్ గారు స్వయంగా మా గదికి వచ్చారు. గుమ్మంలోనే నిలబడ్డారు, కుర్చీ వేస్తే కూర్చోలేదు. అభ్యంతరం లేదని వదిన ఒక సంతకం పెడితే కేసు మూసేస్తారంట. నేనిచ్చిన వాంగ్మూలం వెనక్కి తీసుకుంటే డ్రైవరూ బయటపడతాడంట. అందరికీ మంచిదేనంట. వదిన తల దించుకుని విని, "వచ్చే ఆదివారం ఆయన జ్ఞాపకార్థ కూడిక పెట్టుకున్నామండి. అయ్యాక చెప్తాను. మీరూ రావాలండి" అంది. తప్పకుండా వస్తానమ్మా అన్నారు.

ఆయన వెళ్ళాక నేను అరిచాను. సంతకం పెడితే ఈ గడప తొక్కనన్నాను. గది ఎవరిదో మర్చిపోయాను ఆ కోపంలో.

వదిన అమ్ముడుపోయింది.

ఆగస్టు 13, మంగళవారం

ఇవాళ మళ్ళీ పామ్ లోడు. రావులపాలెం అవతలికి. కట్టడమంతా అయ్యాక ఓనర్ గారు కత్తెర నా చేతిలో పెట్టి, మీ అన్నలాగా కట్టాలంటే ఇక నువ్వేరా అన్నారు. ఆయన కళ్ళలో నీళ్ళున్నాయి. అదీ సంగతి. నిజం నీళ్ళే.

కట్టాను.

ఆకులన్నీ ఒకవైపుకి దువ్వి మరీ కట్టాను. లారీ గేటు దాటాక కాళ్ళు ఆగలేదు. బండి తీసి దాని వెనకే వెళ్ళాను. హెడ్‌లైటు వేసుకుని, దాని తోకకి అంటుకుని, వెనకనుంచి వచ్చేవాడికి కనీసం నేను కనపడాలని. గోదావరి వంతెన మీద పొద్దు గుంకింది. నా లైటు వెలుగు కిందకే పడుతోంది, ఆ గుత్తి నల్లగానే ఉంది. ఆ డ్రైవర్ రెండుసార్లు అద్దంలో చూసి, ఏంటీ పిచ్చోడు అన్నట్టు చెయ్యి ఊపాడు, దాటిపొమ్మని. దాటలేదు. లోడు దిగాల్సిన ఇళ్ళ లేఅవుట్ దాకా వెళ్ళి, లారీ లోపలికి మళ్ళాక వెనక్కి వచ్చాను.

వదిన తలుపు దగ్గరే ఉంది. ఎక్కడికెళ్ళావని అడగలేదు. నువ్వు కట్టావా అని అడిగింది. తల ఊపాను. అంతే, లోపలికి వెళ్ళిపోయింది.

ఎవరు చెప్పారు ఆవిడకి?

ఆగస్టు 18, ఆదివారం

ఇవాళ్టిది సరిగ్గా రాయాలి.

చర్చి పక్కన పందిరి కింద కూడిక. నర్సరీ ఆడవాళ్ళందరూ వచ్చారు. ఓనర్ గారు ముందు వరసలో ప్లాస్టిక్ కుర్చీలో, తెల్ల చొక్కా, చేతిలో కర్చీఫు. చివర్న, కొబ్బరి చెట్టు దగ్గర నిలబడి వీరబ్రహ్మం. వాణ్ణి చూసి నాకు రక్తం పైకి తన్నింది. వదినే పిలిచిందని తరవాత తెలిసింది.

పాస్టరు అయ్యగారు వాక్యం చెప్పారు. దేవుని చిత్తం లేకుండా తలవెంట్రుక కూడా రాలదన్నారు. పోలీసులది సెల్ఫ్, పేపరుది ప్రమాదం, ఊరిది యాక్సిడెంట్, ఈయనది చిత్తం. పనిచేసినవాడు ఎవడూ లేడు. తరవాత సాక్ష్యాలు చెప్పేవాళ్ళుంటే లేవమన్నారు. మా కూడికల్లో ఎవరో ఒకరు లేచి, పోయినవాళ్ళు ఎంత మంచివాళ్ళో చెప్పి, ఒక పాట అందుకుంటారు. వదిన లేచింది.

అందరికీ వందనాలు చెప్పింది. మైకు వద్దంది. ఆవిడ గొంతు ఎప్పుడూ చిన్నదే, అందుకే అందరూ ముందుకి వంగారు.

ఆ శుక్రవారం బయల్దేరే ముందు డేనియల్ ఫోన్ చేశాడంట. గుత్తి ఇవాళ బాగా కుదిరిందని, లారీ అదే దారిలో పోయిందని, దాన్ని దాటుకుంటూ వస్తానని చెప్పాడంట. డ్రైవర్ గుడ్డ అడిగాడని చెప్పి నవ్వాడంట. ఫోన్లో తనూ నవ్విందంట.

"ఆయనే కట్టాడు. నేను కూడా ఎన్నోసార్లు కట్టాను. ఇక్కడున్న ఆడవాళ్ళలో కట్టనివాళ్ళు ఎవరో చెప్పండి. ఆ డ్రైవర్ గారు గుడ్డ అడిగిన మాట నిజం. మా మరిది అది దాచి ఆయన మీద రాసిచ్చాడు. అన్న మీద ప్రేమతోటే రాశాడు. అయినా అబద్ధమే."

నా పక్కనున్నవాళ్ళు కొంచెం జరిగారు. ఆవిడ నా వైపు చూడలేదు. ఓనర్ గారి వైపు తిరిగింది.

"బాబుగారూ, సంతకం అడిగారు. పెడతాను. గుడ్డ ఎందుకు, ఆకు కట్టమని మొదట చెప్పింది మీరు. ఆ మాట కూడా ఆ కాగితంలో రాయించండి, దాని కింద పెడతాను."

ఓనర్ గారు కర్చీఫు మడిచారు, విప్పారు. ఆయన చెడ్డవాడు కాదు. ఇన్నిసార్లు రాశాను కదా. చెడ్డవాడైతే ఎంత సుళువుగా ఉండేది! చివరికి లేచి, "సరదాకి అన్న మాటమ్మా అది. నాకేం తెలుసు ఇలా అవుతుందని. యాక్సిడెంట్ చెప్పి వస్తుందా?" అన్నారు.

వదిన అంది: "చెప్పడానికే కదండీ గుడ్డ కట్టేది."

అంతే. కూర్చుంది. ఎవరూ పాట అందుకోలేదు. అయ్యగారు రెండుసార్లు గొంతు సవరించుకుని ప్రార్థన చేద్దాం అన్నారు. కళ్ళు మూసుకోమంటే నేను మూసుకోలేదు. ఓనర్ గారూ మూసుకోలేదు. చెప్పులు వేసుకుని భోజనానికి ఉండకుండా వెళ్ళిపోయారు.

అన్నాలప్పుడు వదిన వీరబ్రహ్మానికి తనే వడ్డించింది. వాడు విస్తరి మీదకి వంగి ఏడుస్తూ తిన్నాడు. నేను పెరుగు బకెట్ పట్టుకుని వాడి ముందు నిలబడ్డాను. పెరుగు వేశాను. చాలు తమ్ముడూ అన్నాడు.

పైన వదిన అమ్ముడుపోయిందని రాశాను. కొట్టెయ్యను. ఉండనీ, చదివినప్పుడల్లా నా మొహాన కొట్టినట్టు ఉంటుంది.

ఆగస్టు 19, సోమవారం

పొద్దున్నే నర్సరీ మేస్త్రి వచ్చి, ఇద్దరూ కొన్నాళ్ళు పనిలోకి రానక్కర్లేదని ఓనర్ గారు అన్నారని, గది ఖాళీ చెయ్యడానికి తొందరేం లేదన్నారని చెప్పాడు. తొందర లేదు అన్న మాట రెండుసార్లు చెప్పాడు. వదిన ఆయ్ అలాగేనండి అని, సామాను సర్దడం మొదలుపెట్టింది. రామచంద్రపురంలో వాళ్ళ అక్క ఇంటి వెనక వసారా ఉంది.

ఆగస్టు 20, మంగళవారం

వీరబ్రహ్మాన్ని వెంటబెట్టుకుని స్టేషన్‌కి వెళ్ళాను. రైటర్ గారు పాత కాగితం తీసి, ఇదేంటయ్యా, మొదట ఒకటి చెప్పి ఇప్పుడింకొకటి అంటావు, నీ మీదే కేసు పెట్టొచ్చు తెలుసా అన్నాడు. పెట్టండి అన్నాను. నా మొహం చూసి పెన్ను తీశాడు.

"అయితే ఏమని రాయమంటావు?"

ఎవరు ఏం చేశారో అది రాయండి, ఆ ఒక్క మాట మాత్రం రాయకండి అన్నాను. డేనియల్ ఎర్రాకు కట్టాడు. డ్రైవర్ గుడ్డ అడిగాడు. మేం నవ్వాం. గుడ్డ వద్దని మొదట చెప్పింది త్రిమూర్తులు గారు, ఆ రోజు కూడా పక్కనే ఉన్నారు. లారీని లైటు లేకుండా మలుపులో వదిలి వెళ్ళింది డ్రైవర్, అది కూడా రాయండి, ఆయన ఒప్పుకుంటాడు. వీరబ్రహ్మం తల ఊపాడు. పోయిన మంగళవారం మళ్ళీ అదే ఆకు కట్టింది నేను, అది కూడా రాయండి.

"అది ఈ కేసులోది కాదు కదయ్యా."

"రాయండి."

రాశాడు. ముత్యాల్లాంటి అక్షరాలు. అంతా రాసి, చదివి వినిపించి, నా చేత, డ్రైవర్ చేత సంతకాలు పెట్టించాడు. పాత కాగితం పైన ఉన్నది మాత్రం అలాగే ఉంది. సెల్ఫ్ యాక్సిడెంట్. దాన్ని మార్చండి అన్నాను. అది మార్చడం తన చేతిలో లేదన్నాడు. ఎవరి చేతిలో ఉందన్నాను. పైవాళ్ళ చేతిలో అన్నాడు. వాళ్ళు మారుస్తారా అన్నాను. పెన్నుకి మూత పెట్టుకున్నాడు.

వదిన రాజమండ్రిలో ఒక లాయరమ్మని కలిసి వచ్చింది. ఆ మాట మార్పించాలంటే ఏళ్ళు పడుతుందందంట. పట్టనీ అంది వదిన.

ఆగస్టు 22, గురువారం

మంచం, గ్యాస్ పొయ్యి, అన్న బూట్లు, నా డిక్షనరీ ఆటోలోకి ఎక్కించాను. వదిన ముందు కూర్చుంది. నర్సరీ గేటు ముందు నుంచే దారి. గేటు దగ్గర లారీ అడ్డం ఉంటే ఆటో ఆగింది. పామ్ లోడు. మా ఆడవాళ్ళు చుట్టూ నిలబడి ఉన్నారు, ఎవరూ పనిచెయ్యడం లేదు. దేనికో ఎదురు చూస్తున్నారు. ఓనర్ గారు కనపడలేదు. కాసేపటికి మేస్త్రి సెంటర్ వైపు నుంచి సైకిల్ మీద వచ్చాడు. హ్యాండిల్‌కి సంచి. అందులోంచి తీసి, నిచ్చెన వేసుకుని ఎక్కి, తోకకి కట్టాడు. అప్పుడు ఆడవాళ్ళు దారి ఇచ్చారు.

లారీ మమ్మల్ని దాటి వెళ్ళింది. వదిన తల తిప్పి అది మలుపు తిరిగేదాకా చూసింది.

ఎర్ర గుడ్డ. కొత్తది, ఇంకా మడతలు కూడా పోలేదు. కడియం సెంటర్లో, బట్టల కొట్లో, ఎప్పుడు అడిగినా దొరికేదే.